ఉంగరం తీసిన పూలదారం

తిరుచానూరులో అలివేలమ్మ పూలకొట్టు పైన కప్పిన టార్పాలిన్ పట్ట గాలికి జారింది. నా భార్య వరదమ్మ ఫొటోకు పూలు కొనడానికి వెళ్లిన నేను, సరిచేద్దామని చెయ్యెత్తాను. మడతలో కందిరీగల గూడు ఉంది. ఒకటి నా ఉంగరపు వేలిని కుట్టింది.

అలివేలమ్మ నన్ను చప్పున దూరంగా లాగింది. పక్కనున్న తమలపాకుల కొట్టు దేవరాజులు సున్నం డబ్బా పట్టుకొచ్చాడు.

"ఇది పూస్తే చిటికెలో పోతాది సార్."

"నీ సున్నం ఆకులకు పూసుకోప్పా! సార్‌కు తోలు ఊడదీస్తావా?" అంటూ ఆమె నా ముఖంలోకి చూసింది. "ఊపిరి బాగా ఆడతా ఉండాదా? పెదాలు, గొంతు వాసినట్టుంటే చెప్పండి, ఇప్పుడే ఆసుపత్రికి పోదాం."

అలాంటిదేమీ లేదన్నాను. సబ్బుతో వేలు కడిగి, సోడా కొట్టు నుంచి తెచ్చిన మంచుగడ్డను గుడ్డలో చుట్టి పెట్టింది.

"కొండి లోపలుందేమో చూడమ్మా," అన్నాను.

"తేనెటీగ అయితే ఇడిసిపెడతాది సార్. ఇది ఇంకో పదిమందిని కుట్టేదానికి దాసిపెట్టుకుంటాది, మా దేవరాజులు నోటి మాదిరి."

మంట తగ్గింది గానీ వేలు ఉబ్బింది. ఉంగరం కండలో దిగబడి, వేలికొన నీలమెక్కసాగింది. పెళ్లిలో వరదమ్మ తొడిగిన ఉంగరం అది. ఆమె పోయి నాలుగేళ్లయినా నా వేలు దిగలేదు.

"కంసాలిని పిలుస్తా. కత్తిరించాల్సిందే," అన్నాడు దేవరాజులు.

నాకు తెలియకుండానే చెయ్యి వెనక్కి లాక్కున్నాను. అలివేలమ్మ గమనించింది.

"ఒక్కసారి సూస్తా సార్. రాకుంటే కత్తిరిద్దాం. ఉంగరం కంటే ఏలు ముఖ్యం. నా కానుపుకు ముందు చేతి ఏళ్లు వాస్తే నర్సమ్మ నా ఉంగరం దారంతోనే తీసినాది."

పూలు కట్టే దారం కొసను పిన్నుతో ఉంగరం కిందుగా దూర్చింది. మిగతా దారాన్ని కణుపు దాటేదాకా వేలికి వరసగా, బిగువుగా చుట్టింది. తర్వాత దూర్చిన కొసను పట్టి మెల్లగా విప్పసాగింది. ఒక్కో చుట్టు విడుతుంటే ఉంగరం ఒక్కో అడుగు వేసినట్టు ముందుకు జరిగింది. కణుపు దగ్గర ఆగింది. కళ్లు మూసుకున్నాను.

"కదలబాకండి సార్... అయిపోయ."

కళ్లు తెరిచేసరికి ఉంగరం ఆమె అరచేతిలో ఉంది, చిన్న గీత కూడా పడకుండా. వేలికొనకు ఎరుపు తిరిగి వస్తోంది. రోజంతా మల్లెమొగ్గ నలగకుండా కట్టే చేతులు అవి!

నేను డబ్బుల కోసం జేబు తడుముతుంటే ఆమె ఉంగరాన్ని, వరదమ్మ ఫొటోకని నాకు కట్టిన కనకాంబరాల దండ నడుమ ముడివేసింది.

"వాపు తగ్గేదాకా అమ్మ దగ్గరే ఉండనీండి సార్."