ద్వారబంధానికి వార్నిష్

పదకొండింటికి ఆఫీసరు వస్తానన్నాడు. తొమ్మిది దాటినప్పటినుంచీ కోడలికి కాలు ఒకచోట నిలవడంలేదు. మిషను మీద చొక్కా సగంలో వదిలేసి, మెడలో కొలత టేపు వేలాడుతుండగానే వీధి తలుపు దగ్గరికి పదోసారి వెళ్లి చూసింది. ద్వారబంధం నిగనిగలాడుతోంది. అంత కంగారులోనూ చూసుకుని మురిసిపోయింది, పిచ్చిమొహం!

ఆ ద్వారం వెడల్పు ఇరవైమూడు అంగుళాలు. అత్తగారి చక్రాల కుర్చీ ఇరవయ్యారు. ఈ తిప్పలన్నీ ఆ మూడంగుళాల కోసమే. తుంటి విరిగి, ఆపరేషనై, స్ట్రెచర్ మీద ఇంటికొచ్చిన మనిషి ఏడు నెలలుగా మళ్లీ గడప దాటలేదు. ఎత్తి మోస్తే తుంటిలో వేసిన మరలు కదులుతాయని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఊరంతా కలియతిరిగిన మనిషికి కిటికీలోంచి కూరలబండివాడితో బేరమాడటమే మిగిలింది. ఇంకోచోటైతే మేస్త్రీని పిలిచి ఒక్క పూటలో పని కానిచ్చేవాళ్లు. ఇది మూడొందల ఏళ్లనాటి వీధాయె! ఇక్కడ గోడకు మేకు కొట్టాలన్నా పాత కట్టడాల ఆఫీసు ఊఁ అనాలి.

భర్త బస్సు డ్రైవరు, తెల్లారితే డ్యూటీ. అందుకని దరఖాస్తు కోడలి పేరు మీదే పెట్టారు. ఆ ఆఫీసు మెట్లు ఎక్కీ దిగీ ఆమె చెప్పులరిగాయి. చివరికి ఎలాగైతేనేం, తనిఖీకి తేదీ వచ్చింది. ఇంటికి పెద్దమనిషి వస్తుంటే మాసిపోయిన తలుపు చూపిస్తామా అనుకుంది. ఇస్త్రీ చేయకుండా ఒక్క బట్ట కూడా ఎవరి చేతికీ ఇచ్చిన మనిషి కాదు మరి. నిన్న పగలంతా నిచ్చెన మీద నిలబడి గరుకు కాగితంతో రుద్ది రుద్ది, రెండు పూతలు వార్నిష్ వేసింది.

ఆఫీసరు చెప్పిన వేళకే వచ్చాడు. లోపలికి రాలేదు. ద్వారబంధం మీద వేలు పెట్టి, ఆ వేలు వాసన చూసి, సంచిలోంచి పాత ఫొటో తీశాడు.

"ఎవరు చేశారమ్మా ఇది? ఈ చెక్క మీద పాతకాలపు రంగు పొర ఉండాలి. అది చూసి రాసుకోవడానికే నేనొచ్చింది."

కోడలు మురికి అనుకుని రుద్దేసింది దాన్నే.

"తనిఖీ అయ్యేదాకా ఏదీ ముట్టుకోకూడదని రసీదు వెనక రాసే ఉంది. దరఖాస్తు పెట్టినవాళ్లే ఇలా చేస్తే ఏడాదిదాకా ఫైలు తెరవడానికి లేదు. ఇంట్లో ఇంకెవరైనా తెలియక చేసుంటే నెలలో మళ్లీ వస్తాను. ఎవరో చెప్పండి, రాసుకోవాలి."

"నేనే!" అని లోపల్నుంచి అత్తగారి గొంతు ఖంగుమంది.

పదకొండేళ్లుగా కోడలు చేసిన ప్రతి పనికీ వంక పెట్టిన మనిషి, ఈ ఒక్క పనిని తన నెత్తిన వేసుకుంది.

ఆఫీసరు కుర్చీ వంక చూశాడు, తలెత్తి ద్వారబంధం పైభాగం చూశాడు. "అంత పైన కూడా మీరేనా అమ్మా?"

"నిచ్చెనెక్కాను. ఏం, ముసలిదాన్ని ఎక్కలేననుకున్నావా?"

కలం ఆగింది. పాపం, అతను చెడ్డవాడు కాదు. గొంతు తగ్గించాడు. "మీరు నడవలేరనే కదమ్మా ఈ దరఖాస్తు? నిచ్చెనెక్కారని రాస్తే ఇక తలుపు వెడల్పు చేయడం దేనికంటారు పైవాళ్లు."

అత్తగారు కోడలి వంక చూసింది. ఆ కళ్లలో భయం చూడటం కోడలికి అదే మొదలు. నడవగలదని ఒక్కసారి కాగితానికెక్కిందంటే ఇక ఆ తలుపు ఈ జన్మకు వెడల్పు కాదు.

"నేనేనండీ," అంది కోడలు. "నిన్న నేనే పూశాను. ఆవిడ లేచి నిలబడి ఏడు నెలలైంది."

ఆఫీసరు రాసుకున్నాడు, సంతకం పెట్టించుకున్నాడు. "ఏడాది తర్వాత రండమ్మా. గీకి తీసేద్దామని మాత్రం చూడకండి, అదింకా తప్పు," అని వెళ్లిపోయాడు.

కోడలు కుర్చీ పక్కనే నేల మీద కూలబడి భోరుమంది. తిడుతుందని ఎదురుచూసింది. తిట్టలేదు. దాంతో ఇంకా భయమేసింది.

అత్తగారు నెమ్మదిగా అడిగింది. "నాకు డెబ్బై తొమ్మిది నిండాయే. ఏడాది ఉంటానంటావా?"

"ఉండకపోతే ఊరుకుంటానా?" అని కసిరింది కోడలు. అత్తగారి మీద గొంతెత్తడం పదకొండేళ్లలో అదే మొదటిసారి.

"సరేలేవే," అంది అత్తగారు బుద్ధిగా.