రక్తం మాత్రల పెద్దాయన

నేను మనుషుల్ని పేర్లతో గుర్తుపెట్టుకోను, మందులతో గుర్తుపెట్టుకుంటాను. పద్దెనిమిదేళ్ళుగా మందుల షాపు నడుపుతున్నాను మరి. మా వీధిలో నాకు మోకాళ్ళ ఆయింట్‌మెంటు ఆవిడ తెలుసు, గ్యాస్ మాత్రల మాస్టారు తెలుసు, నిద్ర మాత్రల ప్లీడరు తెలుసు. ఒకసారి బస్టాపులో ఎవరినో "దగ్గు మందుగారూ" అని పిలిచేసి నాలుక కరుచుకున్నాను. మావారు ఇప్పటికీ ఆ సంగతి చెప్పుకుని నవ్వుతారు. నాకు ఒళ్ళు మండుతుంది. మందు ఇవ్వడంలో ఒక్క పొరపాటు చేశానా, చెప్పండి, పేర్లతో పనేముంది అని దబాయించేదాన్ని.

ఆదివారం పొద్దున ఏడుంబావుకి ఆ దబాయింపు కాస్తా దిగిపోయింది.

అత్తయ్య టిఫిన్‌కి కూర్చుని, ముందు రోజు నేను షాపు నుంచి తెచ్చిన కాగితం కవరు విప్పింది. అరచేతిలో ఒక మాత్ర పోసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఏమే, నా షుగర్ బిళ్ళ ఇంత ఎర్రగా ఉందేంటి? మళ్ళీ కంపెనీ మారిందా?"

నేను స్టవ్ దగ్గరి నుంచి వెనక్కి తిరిగి చూశాను. అది షుగర్ మాత్ర కాదు. రక్తం తక్కువైనవాళ్ళు వేసుకునే ఐరన్ మాత్ర.

స్టవ్ ఆపేశాను. మా షాపులో కొన్ని మాత్రలు పెద్ద డబ్బాల్లో వస్తాయి. పళ్ళెంలో లెక్కపెట్టి, చిన్న కవరులో పోసి, కవరు మీద మందు పేరు రాసి ఇస్తాను. ఇద్దరికి మాత్రం రాయను. ఒకరు అత్తయ్య. ఇంట్లో మనిషికి పేరు రాసేదేముందని, పొద్దున వేసుకోవాలన్న గుర్తుగా ఒక సూర్యుడి బొమ్మ గీస్తాను. రెండోవారు ఒక పెద్దాయన. "కళ్ళజోడు లేకపోతే నీ రాత నాకు కనబడి చావదమ్మా, ఆ బొమ్మేదో వేసివ్వు చాలు" అంటాడు. నెలకోసారి వచ్చి ముప్పై ఐరన్ మాత్రలు పట్టుకెళతాడు. శనివారం షాపు మూసే హడావిడిలో రెండు కవర్లూ బల్ల మీద పక్కపక్కనే పెట్టాను. రెండింటి మీదా బొమ్మే తప్ప అక్షరం లేదు. ఏది ఆయన చేతికిచ్చానో, ఏది నా సంచిలో వేసుకున్నానో ఇప్పుడు తెలుస్తోంది.

షుగర్ లేని ముసలి మనిషి షుగర్ మాత్ర వేసుకుంటే ఏమవుతుందో నాకు బాగా తెలుసు. చెమటలు పడతాయి, చేతులు వణుకుతాయి, మాట తడబడుతుంది, తర్వాత మనిషి పడిపోతాడు. ఎవరూ చూడకపోతే ఇక లేవడు. పైగా ఐరన్ మాత్ర పరగడుపున వేసుకోమని ఆయనకు ప్రతి నెలా చెప్పేదాన్ని నేనే. ఏమీ తినకుండా షుగర్ మాత్ర వేసుకుంటే ఇక చెప్పేదేముంది!

"రంగు మారిందని చూసుకోడూ? వేసుకోడులే" అంది అత్తయ్య, సంగతంతా విని.

"మీరు చూసుకున్నారా? కంపెనీ మారిందా అని నన్ను అడిగారు. నేను ఇక్కడున్నాను కాబట్టి సరిపోయింది."

అది నా నోటి పుణ్యమే. మాత్ర రంగు మారినా, ఆకారం మారినా, ఎవరైనా అనుమానంగా చూస్తే చాలు, "కంపెనీ మారిందండీ, మందు అదే, భయపడకండి" అని రోజుకి పదిసార్లు అంటాను. ఊరందరికీ అదే నేర్పాను.

ఆయన ఇల్లెక్కడో తెలియదు. ఫోన్ నంబరు ఎప్పుడూ అడగలేదు. తెలిసిందల్లా ఒక్కటే, పొద్దున్నే నది పక్క పార్కులో నడుస్తానని ఒకసారి అన్నాడు. మావారు పని మీద పక్క ఊరెళ్ళారు. నేను చెప్పులు వేసుకునేసరికి అత్తయ్య అప్పటికే చేతిసంచి భుజాన వేసుకుని గుమ్మంలో ఉంది.

"మీరెందుకత్తయ్యా?"

"నువ్వు సగం దారిలో కూర్చుని ఏడుస్తావు. నిన్ను నడిపించడానికి ఒకరుండాలిగా. పద."

ఆటోలో నా కాలు దానంతటదే ఆడుతూ ఉంది. అత్తయ్య దాని మీద చెయ్యి వేసి గట్టిగా నొక్కి పెట్టింది.

పార్కుకి మూడు గేట్లు. నది పొడుగునా కిలోమీటరుకు పైగా నడక దారి, పక్కన ఇనప కటకటాలు, మధ్యలో పిల్లల జారుడుబల్లలు, పూలమళ్ళు. ఆదివారం కావడంతో ఊరంతా అక్కడే ఉన్నట్టుంది. గేటు కాపలామనిషిని అడిగాను. "పెద్దాయన, బూడిద రంగు టోపీ, తెల్ల బూట్లు, సన్నగా ఉంటారు. చూశారా?"

అతను నావైపు జాలిగా చూసి లోపలికి చెయ్యి చూపించాడు. కనుచూపు మేరలోనే అలాంటివాళ్ళు ఆరుగురు ఉన్నారు.

"పేరేంటండీ?" అన్నాడు.

రక్తం మాత్రల పెద్దాయన అని చెప్పలేక ఊరుకున్నాను. పద్దెనిమిదేళ్ళలో మొదటిసారి సిగ్గేసింది.

అత్తయ్యను పెద్ద గేటు దగ్గర నిలబెట్టి, బయటికి వెళ్ళే టోపీవాళ్ళనందరినీ ఆపమన్నాను. నేను నది ఒడ్డున పడి పరుగెత్తాను. వెనక నుంచి అత్తయ్య గొంతు వినిపిస్తూనే ఉంది.

"అన్నయ్యగారూ, ఒక్క నిమిషం. మీకు రక్తం తక్కువా?"

ఎవరో "నీకు బుద్ధి తక్కువ" అని కసురుకున్నారు. వేరే రోజైతే పడీపడీ నవ్వేదాన్ని.

నలభైయేళ్ళు దాటాక పరుగు ఎవరికీ అందంగా ఉండదు. జాగింగ్ చేసేవాళ్ళు పక్కకు తప్పుకుని నన్ను వింతగా చూశారు. ఒక బెంచీ మీద టోపీ ముఖం మీదికి లాక్కుని ఎవరో పడుకుని ఉన్నారు. చెయ్యి కిందికి వేలాడుతోంది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. భుజం పట్టి ఊపేశాను. టోపీ కిందినుంచి ఎవరో కుర్రాడు ఎర్రటి కళ్ళతో లేచి, "ఏంటాంటీ, తెల్లారి నిద్ర కూడా పోనివ్వరా?" అన్నాడు. క్షమించమని కూడా అడగకుండా ముందుకి పరుగెత్తాను.

కొంచెం దూరంలో కటకటాల దగ్గర జనం మూగి నీళ్ళలోకి వంగి చూస్తున్నారు. ఎవరో "అయ్యయ్యో, అటు పోతోంది, అటు పోతోంది" అని అరుస్తున్నారు. కళ్ళు తిరిగి నదిలో పడ్డాడు, అయిపోయింది, నేను ఒక మనిషిని చంపేశాను అనుకున్నాను. ఆ మాట నా లోపల అచ్చంగా అలాగే వినిపించింది. జనాన్ని తోసుకుని వెళ్ళి చూస్తే కింద ఒక కుక్క, నోట్లో బంతి కరుచుకుని ఒడ్డుకి ఈదుతోంది. అందరూ చప్పట్లు కొట్టారు. నాకు ఏడుపొచ్చింది.

మూడో గేటు దగ్గర సిమెంటు బల్లల మీద చదరంగం ఆడేవాళ్ళుంటారు. అక్కడ కనిపించాడు. టోపీ తీసి మోకాలి మీద పెట్టుకుని, ఎదుటివాడి గుర్రాన్ని ఎగరగొట్టి, నోరంతా తెరిచి నవ్వుతున్నాడు. చెమటల్లేవు, వణుకు లేదు. ఆయన్ని చూసినంత సంతోషంగా నేనెవర్నీ చూడలేదేమో.

"అదేంటమ్మా, నువ్విక్కడ? ఇవాళ షాపు సెలవా?"

"ఆ మాత్రలు... నిన్న తీసుకెళ్ళినవి... వేసుకున్నారా?"

"ఏం, ఏమైంది?"

ఆట చూస్తున్న నలుగురూ నావైపు తిరిగారు. అప్పుడు నా నోట్లోంచి ఊడిపడిన మాట తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం.

"కంపెనీవాళ్ళు ఫోన్ చేశారండీ. ఆ మాత్రల్లో ఏదో తేడా వచ్చిందట. వెనక్కి ఇచ్చెయ్యమన్నారు."

గేటు దగ్గర ఉండలేక నా వెనకాలే వచ్చి, అప్పుడే వగరుస్తూ అక్కడికి చేరిన అత్తయ్య ఆ మాట వింది. ఆవిడ నావైపు చూసిన చూపుకి తల వంచుకున్నాను.

"ఓ, అంతేనా" అని ఆయన మళ్ళీ బల్ల వైపు తిరిగాడు. "సాయంత్రం తెచ్చిస్తాలే. తెల్లగా ఉన్నాయేంటా అనుకున్నాను, కంపెనీ మారిందేమోలే అని ఊరుకున్నాను."

"మీరు వేసుకోలేదు కదా?"

"నేనా? నాకెందుకమ్మా, నేను రాయిలా ఉన్నాను. అవి మా ఆవిడకి."

రెండేళ్ళుగా ఇస్తున్నాను. ఎవరికండీ అని ఒక్కసారైనా అడగలేదు.

"ఆవిడ వేసుకున్నారా?"

"ఆరింటికే నేనే వేశాను, నువ్వు చెప్పినట్టే పరగడుపున. నేను తిరిగెళ్ళాక ఇద్దరం కలిసి తింటాం. ఇవాళ ఎందుకో నీరసంగా ఉంది, ఇంకాసేపు పడుకుంటానంది. బయట తాళం వేసి వచ్చాను."

అప్పటికి ఎనిమిదిన్నర. రెండున్నర గంటలైంది.

నేనేం చెప్పానో గుర్తులేదు, ఆయన చెయ్యి పట్టుకుని లాగడం మాత్రం గుర్తుంది. అత్తయ్య వెనక నుంచి, "అన్నయ్యగారూ, ఆట తర్వాత ఆడుకోవచ్చు, ఇంటికి నడవండి, మా కోడలు ఊరికే ఇంత దూరం రాలేదు" అని గట్టిగా చెప్పింది. ఆ గొంతులో ఏం వినబడిందో ఏమో, ఆయన టోపీ బల్ల మీదే వదిలేసి లేచాడు. దారిలోనే అంబులెన్సుకి ఫోన్ చేశాను. అది విన్నాక ఆయన మాకన్నా ముందు పడ్డాడు. ఆ వయసులో అంత వేగంగా నడవగలడనుకోలేదు.

పార్కు వెనక రెండో వీధి, రెండో అంతస్తు. ఆయన చేతిలోంచి తాళంచెవి రెండుసార్లు కిందపడింది. మూడోసారి నేనే తీశాను.

ఆవిడ మంచం మీద గోడ వైపు తిరిగి ఉంది. దిండు తడిసిపోయింది. చెయ్యి ముట్టుకుంటే మంచుగడ్డ. పిలిస్తే కళ్ళు సగం తెరిచి, ఎవరికో చెబుతున్నట్టు, "పాలు పొంగుతున్నాయి, చూడండి" అని గొణిగింది. మాట ముద్దముద్దగా ఉంది. మాట వస్తోంది, అది చాలు అనుకున్నాను. అత్తయ్య చేతిసంచి బోర్లించి, తనకు షుగర్ పడిపోతే వేసుకోడానికని ఎప్పుడూ దాచుకునే పంచదార పొట్లం తీసింది. నేను ఆవిడను పక్కకు ఒరిగించి పట్టుకుని, తడి వేలితో కొంచెం కొంచెంగా పంచదార చెంప లోపల రాశాను. మింగుతోందా లేదా అని గొంతు మీదే కళ్ళు పెట్టుకున్నాను. కదిలింది. ఇంకొంచెం రాశాను. పెద్దాయన మంచం కాళ్ళ దగ్గర నిలబడి ఆవిడ పాదాలు రుద్దుతూనే ఉన్నాడు.

పది నిమిషాలో, పదిహేనో. నాకు మాత్రం ఏడాదిలా ఉంది. ఆవిడ కళ్ళు పూర్తిగా తెరిచి, మమ్మల్ని చూసి, పమిట సర్దుకోబోయింది. "ఎవరండీ వీళ్ళు?" అంది.

"ఏం కాలేదు వదినా, చుట్టాలమే" అంది అత్తయ్య, ఆవిడ తల నిమురుతూ.

పెద్దాయన కుర్చీలో కూలబడి భోరుమన్నాడు. తర్వాత లేచి వచ్చి నా రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకున్నాడు. "ఆ కంపెనీవాళ్ళు సర్వనాశనమైపోను. నువ్వు రాకపోతే ఏమయ్యేదమ్మా? సెలవు రోజు ఊరంతా వెతుక్కుంటూ వచ్చావు. మా పాలిట దేవతవి."

చేతులు వెనక్కి లాక్కోవాలని ఉంది, లాక్కోలేదు. అత్తయ్య ఏదో ఒకటి అని నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

అంబులెన్సు అమ్మాయి మెట్లెక్కి వచ్చింది. వేలి మీద పొడిచి రక్తంలో షుగర్ చూసింది. "ఇంత పంచదార పడ్డాక కూడా యాభై రెండే ఉంది. ఏం మందు వేశారు?"

"ఐరన్ మాత్రేనమ్మా" అన్నాడు పెద్దాయన. "కంపెనీవాళ్ళు తయారు చెయ్యడంలో ఏదో తేడా చేశారట. ఈ అమ్మాయికి ఫోన్ చేసి చెప్పారు."

"ఐరన్‌తో ఇలా అవ్వదే" అని ఆ అమ్మాయి నావైపు చూసింది. "ఏ కంపెనీ? తేడా అంటే ఏం తేడా? ఆస్పత్రిలో సరిగ్గా చెప్పాలి. మందును బట్టి ఎంతసేపు ఉంచాలో చూస్తారు."

అబద్ధం ఇంకొక్క అడుగు వేస్తే ఆవిడను గంటలో ఇంటికి పంపేస్తారు. ఆ మాత్ర పని రోజంతా ఉంటుంది. పంచదార అరిగాక మళ్ళీ పడిపోతుంది, ఈసారి నేను వెతుక్కుంటూ రాను.

"షుగర్ మాత్ర" అన్నాను. మందు పేరూ మోతాదూ చెప్పాను. "ఆరింటికి ఒకటి వేశారు, పరగడుపున. కనీసం ఒక రోజంతా ఆస్పత్రిలో ఉంచి చూడాలి."

"షుగర్ మాత్ర ఆ కవర్లోకి ఎలా వచ్చింది?"

"నేనే వేశాను. మా అత్తగారి కవరు, ఈయన కవరు మారిపోయాయి. కంపెనీవాళ్ళెవరూ ఫోన్ చెయ్యలేదు."

ఆ అమ్మాయి రాసుకుంది. పెద్దాయన నా చేతులు వదిలేశాడు. కోపంగా కాదు, వేడి గిన్నె అని తెలియక పట్టుకున్నవాడిలా, ఒక్కసారిగా.

"మరి పార్కులో అలా చెప్పావేం?" అని అడిగాడు.

మాత్ర ఎందుకు మారిందని అడిగి ఉంటే నా దగ్గర వంద జవాబులున్నాయి. దీనికి ఒక్కటే ఉంది.

"భయమేసిందండీ."

ఇంటికి తాళం వేసే పని అత్తయ్య తీసుకుంది. పెద్దాయన భార్యను స్ట్రెచర్ మీద మెట్లు దింపి అంబులెన్సు ఎక్కించారు. పెద్దాయన ఎక్కి భార్య పక్కన బల్ల మీద కూర్చుని చెయ్యి పట్టుకున్నాడు. నేను తలుపు దగ్గర రోడ్డు మీదే నిలబడిపోయాను.

"మందు సంగతి తెలిసినవాళ్ళు ఒకరు రావాలి" అంది అంబులెన్సు అమ్మాయి.

ఆయన వైపు చూశాను. ఆయన నన్ను చూడలేదు. కాసేపటికి, భార్య చెయ్యి వదలకుండానే, బల్ల మీద కొంచెం పక్కకు జరిగాడు.