కరవలేదు, గీరలేదు

2021 ఫిబ్రవరి తొమ్మిదో తేదీ, మంగళవారం, ఉదయం పదకొండు గంటల ప్రాంతంలో ఒక గోధుమరంగు కుక్క నా కుడి చూపుడువేలిని నాకింది. ఆ వేలికి ముందురోజు కొబ్బరి కోరుతుండగా తెగిన గాయం ఉంది. తర్వాత జరిగినదంతా ఈ రెండు విషయాల నుంచే వచ్చింది. ఆ రోజు నేను వాటిని ఎక్కడా నమోదు చేయలేదు. ఎందుకు చేయలేదో చెప్పాలంటే మూడు వారాలు వెనక్కి వెళ్ళాలి.

నా పేరు శ్యామలాదేవి. గుంటూరులో ముప్పైయొక్క సంవత్సరాలు జంతుశాస్త్రం బోధించి విరమించాను. మా అమ్మాయి శ్రీసుధ, అల్లుడు ఆశిష్, నాలుగేళ్ళ మనవరాలు శ్రీజలతో దుబాయ్‌లోని ఇంటర్నేషనల్ సిటీలో ఉంటున్నాను. కోవిడ్ వల్ల ఉద్యోగాలు పోయి దేశం విడిచిన కుటుంబాలు పెంపుడు జంతువులను వదిలి వెళ్ళడంతో, అల్ కుసైస్‌లో కార్మికుల వసతి భవనాల వెనుక ఒక పాత గోదాములో నడిచే జంతు సంరక్షణ కేంద్రం నిండిపోయింది. వైద్య వివరాలు నమోదు చేసే మనిషి కావాలని వాళ్ళు ప్రకటించారు. నేను దరఖాస్తు చేశాను. అరవై మూడేళ్ళ వయసులో కుక్కల మధ్య ఏమి పని అని శ్రీసుధ వాదించింది. మొదటి రెండు నెలలూ పరీక్షా కాలమని చెబితే, ఆ లోపే నేను మానేస్తానని నవ్వింది.

చేరిన వారంలోనే అక్కడి ఫారాలను సరిదిద్దాను. పాత ఫారంలో ‘ఇతర వివరాలు’ అని ఒక గడి ఉండేది. అందులో ఎవరికి తోచింది వాళ్ళు రాసేవారు: పిల్లి అలిగింది, కుక్క మంచిది, ఇలా. నేను ఆ గడి తీసేశాను. మనిషికి సంబంధించి రెండే ప్రశ్నలు మిగిల్చాను: కరిచిందా, గీరిందా. ఏ ఒక్కదానికైనా ‘అవును’ అని ఉంటే ఆ జంతువును పదిరోజులు విడిగా ఉంచి గమనించాలి. అది కేంద్రం నియమం. నిర్వాహకురాలు కొత్త ఫారం చూసి మెచ్చుకుంది. నేను గర్వపడ్డాను.

ఆ మంగళవారం కుక్కను రాస్ అల్ ఖైమా నుంచి తీసుకొచ్చినవాడు హయాత్ బాషా. కడప మనిషి, కేంద్రం బండి నడుపుతాడు, జంతువులను పట్టడంలో నేర్పరి. అక్కడి రాతి క్వారీ క్యాంపులో కార్మికులు దాన్ని మోతీ అని పిలిచి సాకుతున్నారు. పాదంలో ఇనుపముక్క దిగి కుంటుతోంది. కేంద్రం డాక్టరు ముక్క తీసి కట్టు కట్టింది. గిన్నెలు కడిగినందువల్ల నా వేలి ప్లాస్టర్ ఊడిపోయింది. బోను వలకు ఆనించిన ఆ వేలిని మోతీ నాకింది. నేను కుళాయి కింద నలభై సెకన్లకు మించి కడగలేదు. పదిహేను నిమిషాలు కడగాలని ఏటా తరగతిలో చెప్పినదాన్ని. తర్వాత కూర్చుని ఫారం నింపాను. కరిచిందా? లేదు. గీరిందా? లేదు. రెండూ నిజమే. తెగిన చర్మానికి లాలాజలం తగిలితే అది కాటుతో సమానమని నాకు తెలుసు. అయినా దాన్ని రాయడానికి చోటు లేదు, ఆ చోటును నేనే తీసేశాను. సాయంత్రమే బాషా మోతీని క్యాంపుకు తిరిగి చేర్చాడు.

శనివారం బాషా బండి కడుగుతూ, ఎండ గురించి మాట్లాడినంత తేలికగా చెప్పాడు.

“మన మోతీ తిండి ముట్టడం ల్యా టీచరమ్మా. నీళ్ళ గిన్నె దగ్గర పెడ్తే ఎనక్కి దుంకుతాండాదంట. ట్యాంకరు కింద దూరి బయటికి రావడం ల్యా.”

ఎవరినైనా కరిచిందా అని అడిగాను. తనకు తెలియదన్నాడు.

ఈ దేశంలో రేబిస్ అరుదు. ఆ సంగతి తెలుసు. ఒమన్ సరిహద్దు కొండల్లో నక్కలు తిరుగుతాయని, క్వారీ ఆ కొండల పక్కనే ఉందని కూడా తెలుసు. లక్షణాలు మొదలైతే చికిత్స లేదు, మొదలుకాకముందైతే సూదిమందు ఉంది. ఇంత తెలిసినదాన్ని ఆ క్షణమే ఆసుపత్రికి వెళ్ళాలి. వెళ్ళలేదు. వెళితే అక్కడ కారణం చెప్పాలి, చెబితే నా ఫారం బయటపడుతుంది, శ్రీసుధ నవ్వు నిజమవుతుంది. ఈ కారణాలు ఇప్పుడు రాస్తుంటే ఎంత చిన్నవో కనిపిస్తున్నాయి. ఆ రెండు రోజులూ అవి నా ప్రాణం కన్నా పెద్దవిగా ఉన్నాయి. ఆదివారం మోతీ కనిపించడం లేదని కబురు వచ్చింది. నేను గంటకోసారి నీళ్ళు తాగి చూసుకున్నాను. గొంతు పట్టేసినట్టు ఉండేది. అది వ్యాధి కాదు, వట్టి భయం.

శ్రీజకు నేను రోజూ పెరుగన్నం ముద్దలు చేసి చేత్తో పెడతాను. ఆ చేత్తో పెడితే దానికేమీ కాదని శాస్త్రం తెలిసిన మెదడు చెప్పింది, చెయ్యి వినలేదు. సోమవారం సాయంత్రం చెంచా తీశాను. శ్రీజ చెంచాను, నన్ను మార్చి మార్చి చూసి నోరు బిగించుకుంది.

శ్రీసుధ వంటింట్లోంచి వచ్చి నా ఎదురుగా కూర్చుంది.

“అమ్మా, చెయ్యి చూపించు.”

చూపించాను. గాయం మానిపోయింది, సన్నని గులాబీ గీత మాత్రం ఉంది. అన్నీ తేదీలతో సహా చెప్పాను. ఆమె నన్ను తిట్టలేదు. కారు తాళాలు తీసుకుని, మాస్కు నా చేతికిచ్చి, “పిల్లలకి పాఠం చెప్పేదానివి, నీకు నువ్వు చెప్పుకోలేకపోయావా?” అని మాత్రం అంది.

ఆసుపత్రిలో గాయం చుట్టూ, భుజానికి సూదులు వేశారు. డాక్టరు మలయాళీ యువకుడు. ఆ కుక్కతో ఇంకెవరు ఉన్నారని అడిగాడు. రెండు రోజులుగా నా గొంతునే పరీక్షించుకున్నాను కానీ, క్యాంపులో దాన్ని సాకుతున్నవాళ్ళ గురించి ఒక్కసారైనా ఆలోచించలేదు.

అక్కడి నుంచే నిర్వాహకురాలికి ఫోన్ చేసి మొత్తం చెప్పాను. ఆమె అధికారులకు తానే తెలియజేస్తానంది, నా పరీక్షా కాలం సంగతి తర్వాత చూద్దామంది. తర్వాత బాషాకు చేశాను. మోతీకి అన్నం పెట్టేవాడు రాయచోటి మనిషి, ఇమామ్ హుస్సేన్ అని అతనే చెప్పాడు. ఎన్నిసార్లు చేసినా బాషా ఇచ్చిన నంబరు పలకలేదు.

మంగళవారం ఉదయం బాషాతో కలిసి రాస్ అల్ ఖైమాకు వెళ్ళాను. దారి పొడవునా ఇసుక, తర్వాత బూడిదరంగు కొండలు. క్యాంపు ముందు ఇమామ్ హుస్సేన్ బట్టలు ఆరేస్తున్నాడు. నలభై ఏళ్ళ సన్నని మనిషి. ఎడమ మణికట్టుకు గుడ్డ చుట్టి ఉంది. ఏమైందని అడిగాను. శుక్రవారం రొట్టె పెట్టబోతే మోతీ పన్ను తగిలిందట. పసుపు అద్దాడు. ఎవరికీ చెప్పలేదు. కుక్క మనిషిని కరిస్తే తీసుకుపోతారని క్యాంపు ముదీర్, అంటే మేనేజరు, ముందే హెచ్చరించాడు.

“చెప్తే మోతీని పట్టుకపోతారు గదా. నాకేమైంది ఇప్పుడు? పన్ను గీసుకుంటే చూసేదానికి దుబాయ్ నుండి ఇంత పెద్దమ్మ వచ్చె. మా ఇంట్లో మనిషి కూడా ఇంత పట్టించుకోదు.”

నేను పదిరోజులు మోతీని ఆపి ఉంటే ఈ గాయం అసలు ఉండేది కాదు. శనివారమే నోరు విప్పి ఉంటే ఇతనికి ఆదివారమే సూది పడేది. అతనూ దాచాడు, నేనూ దాచాను. అతను కుక్క కోసం దాచాడు.

లెక్కలు, శాతాలు చెబితే అతను నవ్వుతూనే ఉన్నాడు. అప్పుడు నేను చదువుకునే రోజుల్లో గుంటూరు జ్వరాల ఆసుపత్రిలో చూసినది చెప్పాను. దాహంతో అల్లాడుతున్న ఒక రైతు, భార్య అందించిన గ్లాసును చూసి గోడలోకి ముడుచుకుపోయాడు. గ్లాసు దూరంగా పెడితే దాని కోసం ఏడ్చాడు. ఆ మధ్యాహ్నం మేము నోటు పుస్తకాలు మూసుకుని బయటికి వచ్చాము.

“బిడ్డా, నాకు భయంగా ఉంది. నీ కోసం,” అన్నాను.

అతని చేతిలోని తడి చొక్కా నుంచి నీళ్ళు కారుతున్నాయి. కాసేపు వాటినే చూశాడు. చొక్కా తాడు మీద వేసి బాషా వైపు తిరిగాడు.

“యల్లా భాయ్. బండి తియ్.”

రాస్ అల్ ఖైమా ఆసుపత్రిలో ఆ రోజే అతనికి మందు మొదలైంది. మార్చి నడుమకల్లా ఇద్దరికీ సూదులన్నీ పూర్తయ్యాయి. నా పరీక్షా కాలాన్ని మరో రెండు నెలలు పొడిగించారు. మోతీ దొరకలేదు. అందువల్ల దానికి వచ్చింది ఆ వ్యాధేనో, మరొకటో ఎవరూ తేల్చలేరు. మందు వేళకు పడింది కనుక ఇక భయం లేదన్నాడు డాక్టరు. ఇమామ్ హుస్సేన్‌కు నాలుగు రోజులు ఆలస్యంగా పడిందని నాకు తెలుసు, ఆ వ్యాధి నెలల తరబడి నిశ్శబ్దంగా నరాల వెంట నడవగలదని కూడా తెలుసు.

అందుకే రోజూ ఉదయం ఆరింటికి ఇమామ్ హుస్సేన్‌కు ఫోన్ చేసేదాన్ని. అతను ఫోన్ దగ్గరే పెట్టుకుని గ్లాసెడు నీళ్ళు తాగేవాడు. గుటకలు వినిపించేవి. “ఖలాస్, టీచరమ్మా. డ్యూటీకి పోనా?” అనేవాడు.

ఏప్రిల్ పదమూడున కూడా అలాగే చేశాను. నీళ్ళు తాగమన్నాను. అతను తాగలేదు.

“ఈ పొద్దు తాగను టీచరమ్మా.”

మంచం అంచున కూర్చుండిపోయాను. తాగలేకపోతున్నావా అని అడిగాను.

“రంజాన్ కదా. ఒక్కపొద్దు ఉండా. పొద్దు మునిగి మగ్రిబ్ అయ్యేదాకా ఆగల్ల నువ్వు. అప్పుడు నేనే ఫోన్ చేస్తా.”

తెల్లవారుజామున, ఉపవాసానికి ముందు తినే సహరీలో తాగానని కూడా చెప్పాడు. అది నేను వినలేదు కదా. ఆ రోజు కేంద్రంలో పదకొండు పిల్లుల వివరాలు నమోదు చేశాను, ప్రతిదాన్నీ రెండుసార్లు సరిచూశాను. ఆరున్నర దాటాక మసీదు నుంచి అజాను వినిపించింది. అది దుబాయ్ అజాను. రాస్ అల్ ఖైమాలో ముందే అయి ఉంటుంది. ఫోన్ మోగలేదు. అయిదు నిమిషాలు. ఏడు.

తొమ్మిదో నిమిషంలో మోగింది. వెనక పదిమంది గోల, గిన్నెల చప్పుడు. అతను ఏమీ మాట్లాడలేదు. ముందు ఖర్జూరం నమిలిన చప్పుడు వచ్చింది. తర్వాత కొంత విరామం. ఆ తర్వాత ఒక గుటక, రెండో గుటక, మూడోది.

“ఇన్యావా?” అన్నాడు.

“విన్నాను నాయనా. రేపు ఈ వేళకు నేనే చేస్తాను,” అన్నాను.