చిన్న డబ్బా పొగ

జహీరాబాద్‌లో కొత్త సామాను ఏది కొన్నా ముందు దాని పొగ తీయించాలి. ఆ వస్తువును తయారు చేయడానికి ఎక్కడెక్కడ ఎంత మంట మండిందో, ఆ పొగంతా దాని లోపలే ఉంటుంది. మొదటిసారి తెరిచినప్పుడు బయటికొస్తుంది. అది పోయేదాకా ఫ్యాను తిరగదు, కుక్కరు కూత పెట్టదు. స్టీలు గ్లాసు పొగ ఒక ఆవులింతలో అయిపోతుంది. సిమెంటు బస్తాది పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా పడుతుంది. కొత్త బస్టాండు కట్టినప్పుడైతే వారం రోజులు ఎవరూ బట్టలు ఆరేయలేదు.

పొగ తీసేది ఎల్లమ్మ. చేట పట్టుకుని వచ్చి, గాలివాటు చూసి కిటికీ తెరిచి, పొగను బయటికి విసురుతుంది. ఇరవై ఏళ్లుగా ఊరందరి ఫ్యాన్లు తిరిగేలా చేసిన మనిషికి ఇంట్లో ఫ్యాను లేదు. ఉన్నదల్లా దగ్గు, పదో తరగతి పాసైన కూతురు బాలమణి. ఆ చేట కూతురి చేతికి రాకూడదన్నదొక్కటే ఆమె పట్టు.

1987లో సదాశివ సేటు పప్పు మిల్లుకు కంప్యూటర్ వచ్చింది. ఇక ఆయనకు పట్టపగ్గాల్లేవు. దుమ్ము పడితే పాడవుతుందని కంపెనీవాళ్లు చెప్పారట. దాన్ని పెట్టిన గదికున్న రెండు కిటికీలూ మేస్త్రీ దస్తగిర్‌తో ఇటుకలు పెట్టి మూయించి, ఏసీ బిగించాడు.

పొగ తీయడానికి వచ్చిన ఎల్లమ్మ కంప్యూటర్ డబ్బాకు ముక్కు ఆనించి, వెంటనే వెనక్కి జరిగింది.

"సేటూ, దీంట్ల ఇసుకను కరిగించిన మంట ఉన్నది. ఒక్కపారి కాదు, మల్ల మల్ల కరిగించిన్రు. రాగి గనులున్నయి, ఓడ ఉన్నది. పది బస్తాల సిమెంటుకు ఎంత ఉంటదో గంత పొగ."

సదాశివ నవ్వాడు. "జానెడు డబ్బాకు పది బస్తాలా? బల్బంత కరెంటు తింటదని కంపెనీ కాయితం మీదనే రాసిన్రు."

"అది ఇగ తినేది సేటూ. ఇప్పటికే తిన్నది రాయలే. జర బయట పెట్టిచ్చున్రి, వారం రోజులల్ల తీస్త."

"బయట దుమ్ము. లోపలనే తియ్యి." ఆ తర్వాత గొంతు మెత్తబడింది. "నీ బిడ్డను దీని ముందల కుర్చీల కూసోబెడ్త. మాటంటే మాట."

దస్తగిర్ అక్కడే చేతులు కడుక్కుంటున్నాడు. "ఎల్లమ్మక్కా, ఒక్క ఇటుకన్న తీస్త, సేటును అడుగు" అన్నాడు. సేటు చూసిన చూపుకు తాపీని సంచిలో పెట్టేసుకున్నాడు.

ఎల్లమ్మ తడికొంగు ముక్కుకు కట్టుకుని లోపలికి వెళ్లింది. బయట గొళ్లెం పెట్టి, తలుపు సందుల్లో గుడ్డలు కుక్కారు. మధ్యాహ్నం దాకా చేట చప్పుడు వినిపించింది. పంపడానికి దారి లేని పొగను ఆమె ఈ గోడ మీంచి ఆ గోడ మీదికి విసిరి ఉండాలి. చప్పుడు ఆగాక బాలమణి పరుగున వచ్చి తలుపు బాదితే సదాశివ చెయ్యి పట్టుకుని ఆపాడు. "ఇప్పుడు తెరిస్తే మీ అమ్మ చేసిన పనంత ఖరాబైతది." ఆ మాటకు ఆమె ఆగింది. ఆగినందుకు జన్మంతా ఏడ్చింది.

సాయంత్రం తెరిచేసరికి గదిలో పొగ లేదు. గోడలు వేసిన సున్నం వేసినట్టే ఉన్నాయి. అంతా ఎల్లమ్మ లోపలికే పోయింది. శవాన్ని నలుగురు హమాలీలు లేపలేక పప్పు బస్తాల బండి మీద తీసుకెళ్లారు. పది బస్తాల సిమెంటు బరువుందని వాళ్లే చెప్పారు, బరువు వాళ్లకు తెలియనిది కాదు. కాలిస్తే మళ్లీ పొగొస్తుందని సేటు పూడ్పించాడు.

కంప్యూటర్ మాత్రం మొదటి నొక్కుకే వెలిగింది.

సదాశివ మాట తప్పే మనిషి కాదు. దినాలు అయిన మర్నాడే బాలమణిని కుర్చీలో కూర్చోబెట్టి, మిల్లులో పనిచేసేవాళ్ల పేర్ల కాయితం చేతికిచ్చాడు. ఒక్కో ఇంగ్లీషు అక్షరం వెతుక్కుంటూ కొట్టింది. చివరి వరుసలో 'పొగ తీసేది: ఎల్లమ్మ' అని ఉంది. ఆమె వేలు ఆగింది.

"ఆ పేరెందుకు ఇగ?" అన్నాడు సేటు. "నీ పేరు కొట్టు. సోమారం ఇంక రెండు డబ్బాలు వస్తున్నయి."

"కుర్చీల కూసోబెడ్త అన్నరు గద సేటూ."

"కూసున్నవ్ గద."

లేచి వెళ్లిపోతే అమ్మ ఊరికే చచ్చినట్టవుతుందనిపించింది. బాలమణి తన పేరు కొట్టింది. ఒక్క అక్షరం కూడా తప్పు పోలేదు. పదో తరగతిలో ఆమెకు ఇంగ్లీషులోనే ఎక్కువ మార్కులు వచ్చాయి.