ఏ ప్లాస్టిక్కు?

వాన వెలిసిన ఉదయం యారాడ ఒడ్డున వల ఆరేస్తూ సూర్యకళ వీధిదీపం స్తంభం మీద చెయ్యి వేసింది. అంతే, షాక్ కొట్టి, ఎవరో ఎత్తి విసిరినట్టు ఇసకలో పడింది. ప్రాణం దక్కింది గానీ కుడిచేతి వేళ్లు ముడుచుకుపోయి మళ్లీ విచ్చుకోలేదు. చేపలు కోసి ఇల్లు నడిపే చెయ్యి అది.

వీధిదీపాల కాంట్రాక్టరు గుణశేఖర్ తాపీగా కారు దిగాడు. స్తంభానికి బిగించిన ప్లాస్టిక్ పెట్టె మూత పగిలి, లోపల వైర్ల మీద వాననీళ్లు నిలిచి ఉన్నాయి. వాటివైపు కన్నెత్తి చూడకుండానే, "స్తంభాలకి వలలు కట్టొద్దని ఎన్నిసార్లు చెప్పాలి మీకు?" అన్నాడు.

సూర్యకళ అత్త సూర్యకాంతమ్మకి అరికాలి మంట నెత్తికెక్కింది. "నా కోడలు సెయ్యి పోనాదని మేం ఏడుత్తంటే వలల గోలేటి? పగిలింది నీ పెట్టి కాదా?"

"ప్లాస్టిక్కే కావాలని ధర్నా చేసింది మీరే కదమ్మా! ఇచ్చాం. సరే, కొత్తవి వేయిస్తాలే." నవ్వుతూనే కారెక్కాడు.

ఆ నవ్వుకి సూర్యకాంతమ్మ ఒళ్లు మండిపోయింది. కానీ ప్లాస్టిక్ అడిగిన మాట నిజమే మరి! ఇనప పెట్టెలు ఉప్పుగాలికి తుప్పుపట్టి షాక్ కొడుతున్నాయని అప్పట్లో ఊరు ఊరంతా రోడ్డెక్కింది. ముందు నిలబడింది సూర్యకాంతమ్మే. "ఇనుము వద్దు, ప్లాస్టిక్ కావాలి" అని గొంతులు చించుకున్నారు. గెలిచారు, డప్పులు కొట్టారు. తీరా గెలుచుకున్నది ఇదా!

సాయంత్రం రేవులో మీటింగు పెట్టారు. అందరూ ఒకేసారి అరుస్తున్నారు.

"మల్లీ ఇనపవే ఎట్టమందాం," అన్నాడు పడవ నడిపే కోటి.

"తుప్పట్టి సచ్చీడానికా?"

"గుణశేఖర్‌గాడ్ని ఆ స్తంభానికే కట్టీండి, ఆడికే తెలుస్తాది!"

కాంట్రాక్టరు దగ్గర కరెంటు పనిచేసే అర్జునరావు లేచాడు. అతనిదీ ఈ ఊరే, సూర్యకాంతమ్మని వరసకి అత్తా అంటాడు. "కొత్త పెట్టెలు నాను సూసినాను అత్తా. రంగు మారింది గానీ సరుకదే. రేపు బిగించమంటన్నాడు. నేదంటే పనిలోంచి తీసేత్తాడట."

"అయితే బిగించీత్తావేటి?" నలుగురు అతని మీదకి లేచారు.

"నా పిల్లలకి కూడు మీరెడతారేటి?" అతనూ అరిచాడు. సూర్యకాంతమ్మకి విసుగొచ్చింది. శత్రువు కారెక్కి పోయాడు, మనం మనం కొట్టుకు చస్తున్నాం!

అప్పుడు హరిచందన గొంతు పెంచింది. మధురవాడ కాలేజీలో ప్లాస్టిక్కుల చదువు చదువుతూ, విద్యార్థి సంఘం తరఫున వచ్చిన పిల్ల. "పెద్దమ్మా, ప్లాస్టిక్ అంటే ఒకటి కాదు. ఇక్కడ పెట్టింది ఏబీఎస్. ఇంట్లో టీవీ పైతొడుగుకి బాగుంటాది. ఎండలో పెడితే పెళుసెక్కి పగిలిపోద్ది. ఆరుబయటకి ఏఎస్ఏ అని వేరే రకముంది, అది ఎండకి తట్టుకుంటాది. లేదంటే పాలికార్బనేట్, అది దెబ్బలకి ఇంకా గట్టిది. కానీ ఎండకి ఆగే మందు కలపకుండా ఇస్తే అదీ పసుపెక్కి పెళుసైపోద్ది."

"ఇన్ని పేర్లు మాకేటి తెలుస్తాయి తల్లీ?" అన్నాడు కోటి.

సూర్యకాంతమ్మ గట్టిగా నవ్వింది. అందులో సంతోషం లేదు. "ఒరే కోటీ! ఎవడో మార్కెట్టుకొచ్చి 'సేప' ఇమ్మంటే నానేటిత్తాను? వంజరమా, కానాగంతా అని ఆడు సెప్పకపోతే, మెత్తబడి మిగిలిపోయిందే అంటగడతాను. మనం 'ప్లాస్టిక్' అన్నాం. ఆడు మనకి అదే సేసాడు!"

వాదన మళ్లీ మొదలైంది, ఈసారి ఏ రకం అడగాలా అని. ఒడ్డున వెదుళ్లు, లంగర్లు తగులుతుంటాయి కాబట్టి దెబ్బకి ఆగేదే కావాలని అందరూ ఒక మాట మీదకొచ్చారు. ఎండ మందు కలిపిన పాలికార్బనేట్, రకం పేరు పెట్టె మీద అచ్చేసి ఉండాలి.

"అర్జునా, నీ పని పోతే మా పడవల్లో నీకో పాలు," అంది సూర్యకాంతమ్మ. కోటి సరేనని తలూపాడు.

అర్జునరావు ముఖం తుడుచుకున్నాడు. "అయితే పేరు నేని పెట్టిని నాను బిగించను. మావోళ్లెవరూ బిగించరు."

మర్నాడు గుణశేఖర్ కొత్త పెట్టెలతో పాటు పోలీసుల్నీ తెచ్చాడు. ఒడ్డు లైనుకి అర్జునరావు అప్పటికే ఫ్యూజులు పీకేశాడు. బిగించమంటే చేతులు కట్టుకు నిలబడ్డాడు.

"ఇది ఏ ప్లాస్టిక్కు?" అడిగింది సూర్యకాంతమ్మ.

"మంచి ప్లాస్టిక్కమ్మా."

"మంచిదానికి పేరుండదేటి?"

"పేరు సెప్పు! పేరు సెప్పు!" జనం అందుకున్నారు.

"పాతవి మాత్రం ఏం చెడిపోయాయని?" అని గుణశేఖర్ ఎస్సైతో అంటున్నాడు. సూర్యకాంతమ్మ పక్క స్తంభం దగ్గరికెళ్లి పెట్టె మూత మీద బొటనవేలు పెట్టి నొక్కింది. వేలు అప్పడంలోకి దిగినట్టు దిగిపోయింది.

"చూశారా సార్! ప్రభుత్వ ఆస్తి పగలగొట్టింది!"

ఎస్సై నిజంగానే ఆమెని జీపెక్కించాడు! కోడలి చెయ్యి మాడ్చినవాడి మీద కేసు లేదు, మూత మీద వేలు పెట్టినందుకు అరెస్టు.

జీపు కదలబోతుంటే సూర్యకళ ముందుకొచ్చింది. ఇంకో స్తంభం మూత మీద ఎడమచెయ్యి పెట్టి నొక్కింది. అది పుటుక్కున విరిగింది.

"నాను కూడా పగలగొట్టీసినాను సారూ. ఎక్కించండి."

కోటి ఆ పక్క స్తంభానికి నడిచాడు. అర్జునరావు ఇంకోదానికి. ఆడవాళ్లు బుట్టలు దించి తలా ఒక స్తంభం దగ్గర వేలు ఎత్తి నిలబడ్డారు. ఎస్సై జీపు వంక, జనం వంక చూసి, వ్యాను పంపమని ఫోను చేశాడు. అది వచ్చేదాకా ఒక్కరూ అక్కణ్నుంచి కదల్లేదు.