జానెడు కుచ్చు

వీధిలో ఆమెను అందరూ జాగ్రత్తమ్మ అనేవారు. ముఖాన కాదు, వెనకాల. బిస్కెట్ల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పని ఆమెది. మిగతావాళ్ళు వాన మొదలయ్యాక గొడుగు వెతుక్కుంటారు. ఈమె ఎండాకాలంలోనే దాని పుల్లలు బాగుచేయించి మేకుకు తగిలించుకునే రకం. ఇంట్లో అగ్గిపెట్టెలు రెండు చోట్ల, కొవ్వొత్తులు మూడు చోట్ల, మామగారి మాత్రలు ఎప్పుడూ ఒక నెల అదనం. ముందుచూపు మంచిదే, ఎవరూ కాదనరు. కాకపోతే ముందుచూపు మరీ ఎక్కువైన వాళ్ళకు పక్కచూపు తగ్గిపోతుంది. ఈ మాట పెద్దవాళ్ళెవరూ అన్నట్టు లేదు గానీ, అనవలసిందే.

నీళ్ళ విషయంలో ఆమె భయానికి కారణం లేకపోలేదు. కొన్నేళ్ళ కిందట ఊరికి నీళ్ళు తెచ్చే పెద్ద పైపు పగిలి కుళాయిలు ఎండిపోయాయి. సరిగ్గా అప్పుడే మామగారికి వాంతులు పట్టుకున్నాయి. ఆయన పెదాలు పగిలి "నీళ్ళు, నీళ్ళు" అంటుంటే ఆమె గిన్నె పట్టుకుని గడప గడపా తొక్కింది. "మాకే లేవమ్మా" అనే ముక్కను ఎన్ని రకాలుగా అనవచ్చో ఆ రోజు నేర్చుకుంది. పెద్దాయన బతికి బట్టకట్టాడు గానీ, ఆ ఖాళీ గిన్నె బరువు మాత్రం ఆమె చేతికి ఇంకా గుర్తుంది.

భర్త లారీ డ్రైవరు. తర్వాతి ట్రిప్పులో మూతలు గట్టిగా బిగిసే నీలం క్యాన్లు తెచ్చాడు. వాటిని వాసన పోయేదాకా కడిగి, అంచుదాకా నింపి, ఒక్కోదాని మీద తేదీ రాసిన కాగితం అంటించింది. ఆరు నెలలకోసారి పాత నీళ్ళతో ఇల్లు కడిగేసి కొత్తవి పట్టేది. ఇల్లంటే ఒకటిన్నర గది, మరి క్యాన్లకు చోటెక్కడిది? ముందుగదిలో గోడవారగా రెండు వరసలు పేర్చి, పైన ఒక పాత తలుపు పరిచి, దాని మీద పరుపు వేస్తే దివాను తయారైంది. పగలు కూర్చోవడానికి, రాత్రి మామగారు పడుకోవడానికి.

"ఎవరికీ చెప్పకు. ఒకరికి చెప్తే ఊరంతా మన గుమ్మంలోనే ఉంటుంది," అన్నాడు భర్త.

"చెప్పడానికి నాకేమైనా పిచ్చా?" అందామె.

దివానుకు కవరు కుట్టింది మేడమీద అద్దెకుండే టైలరక్క. మంచం పట్టిన తల్లి, కిటికీ పక్కన కుట్టుమిషను, అదీ ఆవిడ సంసారం. కొలతకు వస్తుందని తెలిసి జాగ్రత్తమ్మ ముందే చుట్టూ పాత దుప్పటి వేలాడగట్టింది.

"లోపలేముందమ్మాయ్?" అంది టైలరక్క, మోకాళ్ళ మీద కూర్చుని టేపు లాగుతూ.

"పాత బట్టల పెట్టెలక్కా. చుట్టూ వేలాడే కుచ్చు మాత్రం నేలకి జానెడు పైకి ఉండాలి. లేకపోతే తుడిచినప్పుడల్లా తడుస్తుంది."

"సరే," అంది టైలరక్క.

తీరా కవరు చేతికొచ్చి తొడిగేసరికి కుచ్చు నేలను ఊడుస్తోంది. జాగ్రత్తమ్మకు ఒళ్ళు మండింది. "జానెడు పైకన్నాను కదక్కా!" అంటే, "పొరపాటైందిలే అమ్మాయ్. ఉండనీ, చూడ్డానికి బావుంది," అని నవ్వి మేడెక్కిపోయింది ఆవిడ. తడిగుడ్డ పెట్టినప్పుడల్లా జాగ్రత్తమ్మకు ఆ కుచ్చు గుర్తొచ్చేది, కుచ్చు గుర్తొచ్చినప్పుడల్లా నోరు ఊరుకునేది కాదు. "మా మేడమీది ఆవిడకి టేపు పట్టుకోవడం వచ్చు గానీ చదవడం రాదు," అని ఫ్యాక్టరీలో చెప్పి అందరినీ నవ్వించింది. వీధిలోనూ చెప్పింది. ఆ మాట మెట్లెక్కి మేడమీదికి చేరే ఉంటుంది. అయినా టైలరక్క ఎప్పుడూ ఎత్తలేదు.

ఈ ఏడు వానలకు ఏరు పొంగి, ఊరికి నీళ్ళు తోడే పంపుహౌసులో బురద చేరింది. కుళాయి తిప్పితే కాసేపు గాలి ఊదింది, తర్వాత అదీ మానేసింది. ట్యాంకరు వచ్చింది గానీ చౌరస్తా దాటి లోపలికి రాలేదు. అక్కడ బకెట్ల యుద్ధం. ఇంట్లో దివాను నిండా నీళ్ళున్న జాగ్రత్తమ్మ కూడా బకెట్టు పట్టుకుని ఆ లైన్లో నిలబడింది. నిలబడకపోతే జనానికి అనుమానం వస్తుందని! అరబకెట్టు దొరికింది. ఆమె వెనకాల చెప్పులు కుట్టే ముసలాయన వంతు వచ్చేసరికి ట్యాంకరు గొట్టం నుంచి చుక్కలు రాలాయి. ఆయన ఖాళీ డబ్బాలోకి తొంగిచూసి, మూత పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఆమె అటు చూడకుండా ఇంటికొచ్చేసింది.

మధ్యాహ్నం టైలరక్క ఖాళీ సీసాతో కిందికి దిగింది. తల్లిని వదిలి ట్యాంకరు దాకా వెళ్ళలేదు కదా, మొహం వాడిపోయి ఉంది.

"కాస్త కూర్చుంటానమ్మాయ్," అంటూ దివాను మీద మామగారి కాళ్ళ దగ్గర కూలబడింది. పాత తలుపు కిర్రుమంది. అప్పటికే సగం వాడేసిన క్యాను ఒకటి కింద ఉందేమో, బుడుక్కుమని చప్పుడైంది.

"నా పొట్టలే," అన్నాడు మామగారు ఠక్కున. "పొద్దుటి నుంచీ ఇదే సంగీతం." పెద్దాయనకు చెవుడు. మూడుసార్లు పిలిస్తే గానీ పలకడు. ఆ చప్పుడు మాత్రం ఎంచక్కా వినబడింది.

టైలరక్క చిన్నగా నవ్వింది. "అమ్మకి నాలుక పిడచకట్టుకుపోతోందే. తడిబట్ట పెదాలకి అద్దుతున్నాను. ఇప్పుడు ఆ తడికీ దిక్కులేదు. ఒక్క సీసా ఉంటే పొయ్యవే. రేపు ఎవర్నైనా బతిమాలి ట్యాంకరు నీళ్ళు తెప్పించి తిరిగి ఇచ్చేస్తాను."

ఒక్క సీసా. ఇవాళ సీసా అంటుంది, రేపు బకెట్టంటుంది, ఎల్లుండి వీధి మొత్తం తెలుస్తుంది. పగిలిన మామగారి పెదాలు కళ్ళముందు కదిలాయి. లోపల ఇన్ని లెక్కలు నడుస్తుండగానే నోరు తన పని తాను చేసేసింది.

"మాకే లేవక్కా."

ఆ రోజు గడపల మీద నేర్చుకున్న రకాలన్నింటిలోకీ మెత్తటి రకం ఏరుకుని మరీ అంది. "పొద్దున దొరికిన అరబకెట్టూ అయిపోయింది. ఉంటే నీకు లేదంటానా?" అని పైనుంచి తాళింపు కూడా వేసింది.

టైలరక్క ఆమె మొహంలోకి కాసేపు చూసింది. "సరేలే. లేకపోతే నువ్వు మాత్రం ఎక్కణ్ణుంచి తెస్తావు?" అని లేచింది. తను కూర్చున్నచోట ముడతపడిన కుచ్చును చేత్తో కిందికి సర్ది, సీసా తీసుకుని వెళ్ళిపోయింది.

మామగారు గోడవైపు తిరిగి పడుకున్నాడు. జాగ్రత్తమ్మ గిన్నెలు సర్దింది, సర్దినవే మళ్ళీ సర్దింది. ఎవరూ చూడలేదు కదా అనుకుంది. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతూ అనుకునేదీ అదే. దాహం వేసింది గానీ క్యాను మూత తీయడానికి చెయ్యి రాలేదు. మేడమీదికి వినబడుతుందేమోనని భయం. తన ఇంట్లో, తన నీళ్ళు తాగడానికి దొంగలా చెవులు రిక్కించాల్సి వచ్చింది.

పొద్దువాలే వేళకు మళ్ళీ తలుపు చప్పుడైంది. టైలరక్కే. చేతిలో సీసా, అందులో సగం నీళ్ళు.

"పక్క సందులో ఇస్త్రీ అతను ఒక సీసా ఇచ్చాడే. సగం అమ్మకి ఉంచాను. ఇది పెద్దాయన మాత్రలకి. మాత్ర మానకూడదు కదా," అని చేతిలో పెట్టింది. ఈసారి లోపలికి రాలేదు, కూర్చోలేదు.

"వద్దక్కా, మాకు..." అంది జాగ్రత్తమ్మ. మాకు ఏమిటి? ఉన్నాయనా? ఆ మాట పూర్తిచేసే దారి లేదు. మధ్యాహ్నం ఆడిన అబద్ధం ఇప్పుడామె పీకమీద కూర్చుంది. సీసా తీసుకుంది. తల కొట్టేసినట్టయింది. పెద్దావిడ నాలుక మీద పడవలసిన నీళ్ళవి.

తలుపు వేసి, గ్లాసులో కొంచెం వంచి, మాత్రతో పాటు మామగారి ముందు పెట్టింది.

"ఇవి నా గొంతు దిగవు," అన్నాడాయన.

"వేసుకోండి మామయ్యా."

"నీతో పాటు నేనూ అబద్ధమాడానమ్మా. ఈ వయసులో, నా పొట్ట మీద ఒట్టేసినట్టు ఆడాను. అవతల పెట్టు."

చెయ్యి విదిలించాడు. గ్లాసును ఆమె కాపాడుకుంది గానీ మాత్ర ఎగిరి కింద పడి దివాను కిందికి దొర్లింది. ఆమె మోకాళ్ళ మీద కూర్చుని, వంగి, నేలను ఊడుస్తున్న కుచ్చును పైకెత్తింది. సరిగ్గా జానెడు.

ఎదురుగా నీలం క్యాన్లు. వరసగా, తేదీలతో సహా. లోపలి నీళ్ళ మట్టం కూడా కనిపిస్తోంది.

ఆమె ఎప్పుడూ ఆ దివానును నిలబడే చూసింది. నిలబడి చూస్తే జానెడు ఖాళీలోంచి నేల తప్ప ఏమీ కనబడదు. కానీ ఎదురుగా కింద కూర్చున్న మనిషికి? టేపు పట్టుకుని టైలరక్క కూర్చున్నది సరిగ్గా ఇక్కడే, ఇలాగే మోకాళ్ళ మీద. నేలకి అందని ఆ దుప్పటి కింద నుంచి ఆ రోజే అన్నీ చూసింది. చూసి, బట్టల పెట్టెలంటే సరేనంది. అడిగిన కొలత పక్కనపెట్టి కుచ్చు నేలదాకా దించింది. టేపు చదవడం రాదని వీధంతా నవ్వుతుంటే నోరు విప్పకుండా ఊరుకుంది.

అన్నీ తెలిసే ఇవాళ ఆ నీళ్ళ మీదే కూర్చుని ఒక్క సీసా అడిగింది. లేవంటే, అలాగే లేచి వెళ్ళింది.

జాగ్రత్తమ్మకు మొహం, మెడ, చెవులు వేడెక్కిపోయాయి. భూమి చీలి మింగేస్తే బాగుండుననిపించింది. ఆ భూమి మీద మాత్ర ఒకటి తెల్లగా కనబడింది. దాన్ని తీసి తుడిచి కిటికీలో పెట్టింది. తర్వాత ఒక నిండు క్యాను బయటికి లాగి, రెండు చేతులా పట్టుకుని, మెట్టుమెట్టుకీ ఆగుతూ మేడెక్కింది.

టైలరక్క తల్లి పెదాలకు తడిబట్ట అద్దుతోంది. క్యానును చూసి లేచి నిలబడింది.

"లారీ వచ్చిందా? మీ ఆయన పంపించాడా?" అంది.

అవునంటే చాలు. ఆవిడ ఇంకోసారి కుచ్చు నేలదాకా దించుతోంది. ఒక్క 'అవును'తో అంతా కప్పుకుపోతుంది.

"లేదక్కా. దివాను కిందివి. మధ్యాహ్నం కూడా ఉన్నాయి."

టైలరక్క మూత తీసి, గ్లాసులోకి వంచి, తల్లిని ఒడిలోకి లేపుకుని చెంచాతో పోసింది. ముసలావిడ ఒక్కో చెంచాకీ గుటక వేసింది.

"నీకు తెలుసు," అంది జాగ్రత్తమ్మ. "తెలిసి కూడా అడిగావు. నేను లేవంటే మొహం మీద కడిగెయ్యాల్సింది కదక్కా."

"నేను కడగడానికి రాలేదే," అంది టైలరక్క చెంచా ఆపకుండా. "అడిగితే ఇస్తావనుకున్నాను. అంతే."

తిట్టినా బాగుండేది. చెంప పగలగొట్టినా తట్టుకునేది. ఆ 'అనుకున్నాను'ను ఏం చేసుకోవాలో తెలియక, చెంగుతో మొహం తుడుచుకుంటూ మెట్లు దిగింది.

మామగారు లేచి కూర్చుని ఉన్నాడు.

"ఇచ్చావా?"

"ఇచ్చాను మామయ్యా."

"ఎన్ని?"

"ఒకటి."

ఆయన గోడ పట్టుకుని మెల్లగా దివాను దిగి, దిండు లాక్కుని నేలమీద వేసుకున్నాడు.

"నేను ఇక్కడ పడుకుంటాలే. ఆ పరుపు చుట్టెయ్యి," అన్నాడు. "పొద్దున లైన్లో నీ వెనకాల ఎవరున్నారు?"

ఆ సంగతి ఆమె ఆయనకు చెప్పనేలేదు. అయినా అడిగాడు. చెప్పులు కుట్టే ముసలాయన ఖాళీ డబ్బాకు మూత పెట్టుకోవడం ఆమె కళ్ళముందు నిలిచింది.

"గుర్తుంది మామయ్యా," అంది.

పరుపు చుట్టింది. కుచ్చు పట్టుకుని కవరంతా లాగేసింది. పాత తలుపు పక్కకు జరిపి, వీధి తలుపు బార్లా తెరిచి, సిగ్గుతో ఎటూ చూడలేక తల వంచుకునే ఇంకో క్యాను ఎత్తి నడుముకు ఆనించుకుంది.