వాసనొచ్చిన సీసా

ఆత్మకూరు బస్సు వచ్చి ఆగినా కామయ్యకు కాళ్లు కదల్లేదు. చేతిలో సంచీ ఉంది. సంచీలో తను చెక్కిన కొయ్య చెంచాలూ గరిటెలూ ఉన్నాయి. కండక్టరు "ఎక్కుతావా, లేదా పెద్దాయనా?" అని కసిరాక గానీ ఎక్కలేదు.

ఆత్మకూరులో డేవిడ్‌రాజు మేష్టారింట కృతజ్ఞత కూడిక. చావుదాకా పోయి తిరిగొచ్చిన మనిషి దేవుడికి స్తోత్రం చెప్పుకుని నలుగురికీ అన్నం పెట్టుకునే రోజు. పిలుపంటే ఏదో కార్డు ముక్క రాసి పడేయలేదు. మేష్టారి భార్య మస్తానమ్మ ఉదయగిరి దాకా వచ్చి, "అన్నా, నువ్వు లేందే మాకు కూడికే లేదు" అని చెప్పిపోయింది. ఆమె అంత ప్రేమగా పిలిచేకొద్దీ కామయ్యకు పోబుద్ధి కాలేదు. ఆ ఇంటికి పోవడానికి తనకేం మొహం ఉంది?

అంతా ఒక కొయ్యపేడుతో మొదలైంది. కామయ్య చెక్కిన చెంచాలకు ఉప్పుకాగితం పట్టి నునుపు చేయడం భార్య రామసుబ్బమ్మ పని. ఆ పనిలో అరచేతిలో పేడు దిగింది. పిన్నీసుతో లాగేసి, పసుపు అద్ది, మళ్లీ పనిలో పడింది. చెయ్యి మోచేతి దాకా వాచి, చలిజ్వరమొచ్చి, మాట తడబడేసరికి ఊళ్లో డాక్టరు చేతులెత్తేశాడు. చీము రక్తంలోకి ఎక్కింది, సెప్టిక్ అయింది, మద్రాసు తీసుకుపొమ్మన్నాడు.

మద్రాసు ఆసుపత్రిలో పక్క మంచం డేవిడ్‌రాజు మేష్టారిది. షుగరు మనిషి. వీపు మీద సెగ్గడ్డ ముదిరి ఆయనకూ అదే జబ్బు. అరవ మాటల మధ్య మన జిల్లా మాట వినపడితే ఆ ఆనందమే వేరు. మస్తానమ్మ మొదటిరోజే అన్నా అని వరస కలిపేసింది. తెచ్చుకున్న అన్నంలో సగం కామయ్యకు పెట్టేది. కామయ్య మేష్టారిని ఒత్తిగిల్లించి పడుకోబెట్టేవాడు.

అక్కడి డాక్టరుకు తెలుగొచ్చు. ఇద్దరినీ కూర్చోబెట్టి విడమరిచి చెప్పాడు.

"ఈ జబ్బులో ఇనుముకు తుప్పు పట్టినట్టు ఒంటి లోపల పాడవుతుంది. దాన్ని ఆపే మందొకటి ఉంది, యాంటీ ఆక్సిడెంట్ అంటారు. పనిచేస్తుందో లేదో పరీక్షిస్తున్నాం. మామూలు మందులు అందరికీ పడతాయి. ఆపైన కొందరికి ఈ మందు కలిపిన సెలైను, కొందరికి ఉత్త సెలైను. ఎవరికి ఏది పోతోందో మాకూ చెప్పరు. ఇష్టమైతేనే సంతకం పెట్టండి."

తుప్పు సంగతి ఉలి పట్టినవాడికి వేరే చెప్పాలా? కామయ్య సంతకం పెట్టాడు. మస్తానమ్మా పెట్టింది.

సీసాలు పొద్దున్నే వచ్చేవి. చూడ్డానికి అన్నీ ఒకటే. ఎవరిది ఎవరికో తెలిసేలా మంచం నంబరు వేసిన చీటీ సీసా మెడకు రబ్బరుబ్యాండుతో కట్టి ఉండేది. రామసుబ్బమ్మ సీసా తగిలించగానే కామయ్య ముక్కు చిట్లించాడు. మురిగిన కోడిగుడ్డు వాసన! నర్సును పిలిచి చూపిస్తే, ఆమె అరవంలో ఏదో చెప్పి, నవ్వి వెళ్లిపోయింది. మేష్టారి సీసాకు ఏ వాసనా లేదు. ఆ రోజంతా రామసుబ్బమ్మ జ్వరం దిగలేదు. కామయ్య బుర్రలో తీర్పు అయిపోయింది. మందు చెడిపోయింది, పల్లెటూరి మొహం కదా అని తమకు అంటగట్టారు.

మర్నాడు పొద్దున మస్తానమ్మ, "మా సారును కాస్త చూస్తుండన్నా, టీ తెస్తా, నీకూ తెస్తా" అని కిందికి పోయింది. నర్సు రెండు సీసాలూ బల్ల మీద పెట్టి, ఎవరో కేకేస్తే అటు పోయింది. కామయ్య లేచాడు. బిరడాలు వాసన చూశాడు. చీటీలు అటుది ఇటూ, ఇటుది అటూ మార్చేశాడు.

చెయ్యి వణికినా బాగుండేది. వణకలేదు. పనికిరాదని తను నిండా నమ్మిన మందును, తనను అన్నా అని పిలిచే ఆడమనిషి మొగుడికి తగిలించాడు. ఆమె తెచ్చిన టీ ఊదుకుంటూ తాగాడు కూడా. పోనీ, అంతటితో ఆగాడా? ఆమె నమ్మి మొగుడికి కాపలా పెడితే, ఆ తర్వాత పొద్దులూ అదే పని చేశాడు.

మేష్టారు తేరుకున్నాడు. రామసుబ్బమ్మ పోయింది.

శవాన్ని తీసుకుపోయే కాగితాలకు వెళ్లినప్పుడు ఏడుపు ఆపుకోలేక డాక్టరును నిలదీశాడు.

"మురిగిపోయిన మందు ఎందుకు తెచ్చినారయ్యా?"

డాక్టరు తెల్లబోయాడు. "మురిగింది కాదు కామయ్యా. ఆ మందు వాసనే అంత. అదే అసలు మందు."

కామయ్య డాక్టరు చెయ్యి పట్టుకున్నాడు. "అది పడుంటే... అది పడితే మనిషి బతుకుతాడా?"

"తెలీదు. పడినవాళ్లలోనూ పోయినవాళ్లున్నారు. పడనివాళ్లలోనూ బతికినవాళ్లున్నారు. తెలీకే కదా ఈ పరీక్ష."

బతికేదన్నా గుండె బాదుకుని ఏడ్చేవాడు. బతికేది కాదన్నా ఏడ్చి ఊరుకునేవాడు. తెలీదన్నమాటతో ఏం చేసుకోవాలి? తన చేత్తో తన కన్నే పొడుచుకున్నాడో లేదో కూడా తేలలేదు. దొంగకు తేలు కుట్టినట్టు నోరు మూసుకుని భార్యను ఊరికి తెచ్చుకున్నాడు.

బస్సు ఆత్మకూరు చేరేలోపల కామయ్య ఒక్కటే అనుకున్నాడు. ఈరోజు చెప్పేయాలి. వాళ్లు వెళ్లగొట్టినా సరే, చెప్పు తీసుకుని కొట్టినా సరే.

ఇంటి ముందు షామియానా వేశారు. మేష్టారు ఎదురొచ్చి చెయ్యి పట్టుకుని ముందు వరసలో కూర్చోబెట్టాడు. పాట, ప్రార్థన అయ్యాక, దేవుడు తమకు చేసిన మేలు గురించి మస్తానమ్మ సాక్ష్యం చెప్పడానికి లేచింది.

"ఒకనాడు మా సారుకు పెట్టిన సీసా మురిగిన గుడ్డు వాసనొచ్చింది. నా పానం పోయింది. పక్కన అక్క సీసాకు ఏ వాసనా లేదు. మర్నాడు సీసాలు బల్ల మీద ఉండాయి. నర్సు లేదు. అన్న మొగం కడుక్కోను పోయినాడు. చూస్తే ఆ కంపుది మళ్లీ మా సారుకే వచ్చుండాది. మార్చేద్దామని చీటీ మీద చెయ్యేసినాను. పాపిష్టిదాన్ని! అప్పుడే అక్క మూలిగింది. ఆమె మాత్రం మనిషి కాదా? మా వంతుకొచ్చింది మేమే పడతాం ప్రభువా అని చెయ్యి తీసేసినాను. అదే అసలు మందని తరవాత డాక్టరు చెప్పినాడు."

అందరూ స్తోత్రం అన్నారు. కామయ్య తల పైకెత్తలేకపోయాడు. తను చీటీలు మార్చేసి మొహం కడుక్కోను పోయిన ఆ పొద్దున ఆమె తనలాంటిదే అయ్యుంటే, ఆ ఒక్క పాపం చేసుంటే, రామసుబ్బమ్మ మందు రామసుబ్బమ్మకు చేరేది. ఆమె మంచిది కాబట్టి చేరలేదు. తనకు సిగ్గేసింది, ఆమె మంచితనం మీద కోపమొచ్చింది, ఆ కోపానికి మళ్లీ సిగ్గేసింది.

"అన్నా, నువ్వూ ఒక మాట చెప్పు" అంది మస్తానమ్మ.

కామయ్య లేచాడు. 

"ఆ కంపు సీసా మా ఆడమనిషిది. చీటీలు మార్చింది నేనే."

 ఉన్నట్టుండి మేష్టారు లేచొచ్చి కామయ్యను కావిలించుకుని భోరుమన్నాడు.

"నీ ఇల్లాలి మందు నాకిచ్చినావా అన్నా! ఆమెను పోగొట్టుకోని నన్ను నిలబెట్టినావా!"

పాస్టరు చేతులు పైకెత్తాడు. హల్లెలూయ అని జనమంతా లేచి చప్పట్లు కొట్టారు. కాదు, చెడిపోయిందనుకునే ఇచ్చినాను, ఆ ఒక్క ముక్క కామయ్య నాలుక చివరిదాకా వచ్చింది. చప్పట్లు ఆగాక చెబుదామనుకున్నాడు. ఆగాక పాట ఎత్తుకున్నారు. పాటయ్యాక చెప్పే ధైర్యం చచ్చిపోయింది.

చప్పట్లు కొట్టనిది ఒక్క మస్తానమ్మే. ఆ వాసన చూసినవాళ్లకు ఆ రోజు ఏమనిపించిందో అక్కడున్న వాళ్లలో కామయ్య కాక ఆమెకొక్కతికే తెలుసు.

భోజనాల దగ్గర కూర బకెట్టు పట్టుకుని వచ్చి కామయ్య విస్తరి ముందు ఆగింది.

"చెడిపోయిందనుకోనే మార్చినావు గదన్నా?" అంది మెల్లగా.

"అవునమ్మా." అతని కళ్లు విస్తరి మీదే ఉన్నాయి. "తిట్టు తల్లీ. నీ కాళ్లు పట్టుకుంటా. నాలుగు తిట్టు."

ఆమె గరిటెను బకెట్టులో వదిలేసింది. 

"నేను నీకు కాపలా అప్పజెప్పి పోయినాను." ఆమె కళ్ల నీళ్లు తుడుచుకుంది. "మా సారుకు మాత్రం చెప్పబాకన్నా. మనిషి మీద మనిషికి ఇంత ప్రేముంటాదా అని ఆయన మురిసిపోతా ఉండాడు. అది కూడా తీసేయబాక."

కూర వేసి, తర్వాతి విస్తరికి వెళ్లిపోయింది.

మేష్టారు వచ్చి పక్కనే కూర్చున్నాడు. తన విస్తట్లోని మంచి ముక్క తీసి కామయ్యకు వేసి, "తినన్నా, నువ్వు తింటే అక్క తిన్నట్టే" అన్నాడు.

ఆనాడు టీ తాగినట్టే కామయ్య ఈ అన్నమూ తిన్నాడు.